వదులు కుట్టు

"దీన్ని కుట్టు అంటారా మాస్టారూ? నడుము ఇలా తిప్పానో లేదో బిళ్ళలన్నీ జలజలా రాలాయి. క్లాసంతా ఒకటే నవ్వు!"

డాన్స్‌లో నడుముకి కట్టుకునే బిళ్ళల పట్టీని ఆమె కుట్టుమిషన్ మీద విసిరింది. దర్జీ కుర్రాడు నోట్లోంచి గుండుసూదులు తీసి తాపీగా అన్నాడు. "తప్పు నడుముదా, కుట్టుదా అన్నది ముందు తేలాలి కదండీ."

"తేలుస్తా. మళ్ళీ ఊడనివ్వండి, చెప్తా మీ పని!"

మందుల షాపులో బిల్లులు కొట్టే ఆమెకి వీధిలో గలగలమ్మ అని పేరు పడింది. బెల్లీ డాన్స్ మొదలుపెట్టిన కొత్తలో తుంటి ఒక్కటే కదపమంటే భుజాలు, మెడ, ఆఖరికి నాలుక కూడా సాయానికి వచ్చేవి. అయినా పట్టు వదల్లేదు. ఛాతీ కదలకుండా పొట్టని అలలా ఆడించడం పట్టుబడేసరికి ఏడాది దాటింది. ఈలోగా బిళ్ళలు ఊడుతూనే ఉన్నాయి, ఆమె తిడుతూనే ఉంది, అతను నవ్వుతూ కుడుతూనే ఉన్నాడు.

మొదటి ప్రదర్శన రోజున డ్రెస్ కోసం వస్తే, పొట్టకి అడ్డంగా నల్లగుడ్డ కుట్టి ఉంది.

"ఇదేంటి?"

"మీ అమ్మగారు వేయించారండీ. ఆపరేషన్ మచ్చ కనిపిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని..."

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "చిన్నప్పట్నుంచీ దాన్ని దాచలేక చచ్చిపోతున్నా! ఈ డాన్స్ నేర్చుకున్నదే దాచకుండా నిలబడదామని. పొట్ట నాది, మచ్చ నాది. కప్పడానికి మీరెవరు?" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఆ చివర దారం లాగండి."

లాగింది. గుడ్డ మొత్తం ఊడి చేతిలోకి వచ్చేసింది.

"పెద్దావిడ మాట కాదనలేక కుట్టాను. మీరు ఉంచరని తెలిసి వదులుగా కుట్టాను."

ఆమె దారాన్ని చూసింది, అతన్ని చూసింది. "అంటే, కావాలని వదులుగా కుట్టడం మీకు వచ్చన్నమాట. మరి ఆ బిళ్ళలు?"

దర్జీ చెవులు ఎర్రబడ్డాయి. "గట్టిగా కుడితే మళ్ళీ రారేమోనని... ఇవాళ మాత్రం గట్టిగానే కుట్టానండీ, ఒట్టు!"

గుడ్డని అతని మొహాన కొట్టి, నవ్వు దాచుకుంటూ వెళ్ళిపోయింది.

తెర వెనక అమ్మ గుండెలు బాదుకుంది. "గుడ్డ ఏదే? అందరూ చూస్తారే!"

"చూడ్డానికేగా అమ్మా, టికెట్ కొనుక్కొచ్చింది."

డప్పు మోగింది. లైటు సరిగ్గా మచ్చ మీదే పడింది. ఆమె తగ్గలేదు. మచ్చతో సహా పొట్టని అలలా ఆడిస్తూ, తలెత్తి హాలు మొత్తాన్ని చూసింది. ఒక్క బిళ్ళా రాలలేదు. చప్పట్లు ఆగక ముందే, హాల్లోకి వచ్చి కూర్చున్న అమ్మతో పక్క సీటావిడ, "ఎవరమ్మాయండీ?" అంది. అప్పటిదాకా తల దించుకున్న అమ్మ తల ఎత్తింది.

"నా కూతురే," అంది, అందరికీ వినపడేలా.

మర్నాడు కుట్టుమిషన్ మీద ఒక బిళ్ళ పడింది.

"ఊడిపోయింది."

"ఊడటమేంటండీ? ఇది కత్తెరతో కోసిన దారం!"

"అవును, నేనే కోశా. మీరొక్కరే చెయ్యాలా?" గుమ్మం వైపు తల ఊపింది. "అమ్మ వచ్చింది, మీతో మాట్లాడాలట. ముందు ఇది కుట్టండి. ఈసారి ఊడకుండా."