పుట్టుకాళ్ళు

"ఎడమ పాదమమ్మా. వేళ్ళు విడదీసి పెట్టండి," అంది నూకరత్నం.

బుల్లెమ్మాయి ముద్రపలక మీద పాదం ఆనించింది. చల్లదనానికి కిసుక్కున నవ్వి, పడవ అంచు పట్టుకుని, పలక చెప్పినట్టు మూడడుగులు ముందుకీ మూడడుగులు వెనక్కీ వేసింది. పలక ఆకుపచ్చగా వెలిగి బరువు, అడుగు నిడివి, మడమ వాలు చూపించింది. నూకరత్నానికి ఆ అంకెలతో పనిలేదు. ఆమె ముందే చూసేసింది. కురచ అడుగు, ఊరికే ఉండని కాలు, యాభై దాటినా తగ్గని హుషారు. ఈవిడ నూట యాభై అడుగులు అదనంగా తినేస్తుంది. తమ్ముడు కిరీటివి కొంగకాళ్ళు, అక్కడొక ఎనభై మిగులుతాయి. అతని భార్య మందాకిని సముద్రం చూస్తే నిలబడిపోయే రకం. నిలబడ్డానికి లెక్క లేదు. మొత్తం మీద ఈ బేరం గిడుతుంది.

ఎండుచేపల గంపని చూపుతోనే తూచిన కళ్ళవి. ఆ వ్యాపారం మానేసి దీవుల పడవ కొన్న పంతొమ్మిదేళ్ళుగా మనుషుల నడక తూస్తున్నాయి. పడవకి రోజుకి పన్నెండు వందల అడుగులు. మూడు దీవులకీ కలిపి అంతే. ఆ పన్నెండు వందల్లో ఒక కుటుంబాన్ని ఎంత సంతోషపెట్టి వెనక్కి తెచ్చామన్నదే ఈ పనిలో నేర్పు.

"ఈ పాపండీ?"

చంకబిడ్డేనని మందాకిని చెప్పింది. పేరు జాజి, పదకొండు నెలలు నిండాయి. నూకరత్నం పలక మీద చంకబిడ్డ గుర్తు నొక్కబోతూ ఆగింది. జాజి తల్లి ఒళ్ళోంచి జారి, బల్ల అంచు పట్టుకుని రెండు కాళ్ళ మీద నిలబడి, ఉపన్యాసం మొదలుపెట్టబోయేదానిలా అందర్నీ కలయజూస్తోంది.

"నడుస్తుందా?"

"ఇంకా లేదండి. చెయ్యి వదిలితే కూలబడిపోద్ది," అన్నాడు కిరీటి.

"ఇవాళో రేపోనండి," అంది బుల్లెమ్మాయి, స్టీలు డబ్బా ఒకటి ఎత్తి చూపిస్తూ. "అందుకే అరిసెలు వండి తెచ్చేశాను. మేనత్తని కదండీ, పిల్ల తొలి అడుగు అరిసెల మీద పడకపోతే మాట నాకొస్తది. అలాగని ప్రయాణం మానుకుంటామా? ఆరు నెలలకి దొరికిన పడవాయె."

నూకరత్నం నవ్వు సగంలో ఆగింది. నడవని పాదానికి నడక ముద్ర పడదు. ముద్ర లేని పాదం ఇసుక మీద పడకూడదు. ఈ రెండు ముక్కల నడుమ సరిగ్గా ఈ పిల్ల నిలబడి ఉంది.

"పడవలో నడవనివ్వండి, నీళ్ళలో నడవనివ్వండి, నాకేం బాధ లేదు," అంది. "ఇసుక మీద మాత్రం ఒళ్ళోంచి దింపకండి. ముద్ర లేని అడుగు ఒక్కటి పడిందంటే వచ్చే ఏడు దాకా నా పడవ కట్టేస్తారండి. నాకున్నది ఇదొక్కటే."

ముగ్గురూ ఒప్పుకున్నారు. బుల్లెమ్మాయి "ఆయ్, ఆయ్" అని రెండుసార్లంది. రెండుసార్లు చెప్పిన ఒప్పుదల ఒకసారి చెప్పినదాని కన్నా తేలికని నూకరత్నం అనుభవం.

నూకరత్నం పడవ తూనీగ ఎండరెక్కలు విప్పుకుని గట్టు దాటింది. పొద్దు రెండు బారలెక్కేసరికి నీళ్ళు పచ్చజొన్న రంగు వదిలి నెమలి రంగులోకి తిరిగాయి. పగడపు నారు పోసి పెంచిన నాటుదీవులు ఒకదాని వెనక ఒకటి లేచాయి. దూరానికి అవి నీళ్ళ మీద ఆరేసిన తెల్ల పంచెల్లా ఉంటాయి. దగ్గరకెళ్తే ఆ తెలుపు ఇసుక. ఇంకా లేతది, ఊపిరి పీల్చే ఇసుక. ఎక్కువ తొక్కితే చచ్చిపోతుంది. అందుకే బారెడుకొకటి చొప్పున దాని అడుగున ఇసుకచెవులు పాతారు. ఆ చెవులన్నీ విన్నది అడుగుల పద్దు చూసే యంత్రం లెక్కరికి చేరుతుంది. ప్రతి దీవి ఒడ్డునా ఒక గుంజ, గుంజ మీద లెక్కరి గొంతు.

"తూనీగ. మూడు జతల అద్దెకాళ్ళు, ఒక చంకబిడ్డ. పన్నెండు వందలు," అంది కపిల దీవి గుంజ.

నూకరత్నం మోకాలిలోతు నీళ్ళలోనే లంగరు పట్టుకుని నిలబడింది. పడవమనిషి దిగినా ఆ పన్నెండు వందల్లోంచే పోతాయి. అందుకని ఆమె దీవుల్ని ఎప్పుడూ నీళ్ళలోంచే చూస్తుంది.

కపిలలో అనుకున్నంతా అయింది. ఎర్రపీతలు వందల కొద్దీ కలుగుల్లోంచి తొంగిచూశాయి. బుల్లెమ్మాయి వాటిలో ఒకదాన్ని ఎంచుకుని, చీర కుచ్చెళ్ళు ఎగదోపుకుని, అది ఎటు తిరిగితే అటు తిరిగింది. పీత అడ్డంగా పరిగెత్తితే తనూ అడ్డంగా పరిగెత్తింది. ఒక్క పీత కింద తొంభై అడుగులు. కిరీటి వద్దని కేకేస్తూ వెంటపడి ఇంకో అరవై పోశాడు. ఆఖరికి పీత కలుగులో దూరి, ఒక్క డెక్క బయటపెట్టి ఊపింది. బుల్లెమ్మాయి కూడా చెయ్యి ఊపింది. పడవెక్కేసరికి అయిదు వందల తొంభై మిగిలాయి.

నూకరత్నానికి కోపం రాలేదు. నవ్వుకి ఖర్చయిన అడుగు మంచి అడుగని ఆమె లెక్క. దండగయ్యేది వేరే. వెనక్కి నడుస్తూ ఫొటోలు తీసుకునేవాళ్ళు, అలిగి దూరంగా వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చే కొత్త దంపతులు.

మధ్యాహ్నానికి గాజుకుంట చేరారు. చుట్టూ పగడపు గోడ, మధ్యలో నాలుగెకరాల నీరు, అడుగున రాయి రాయీ కనిపించేంత తేట. నీళ్ళలో అడుగుకి లెక్క లేదు గనక ఏ రోజైనా నూకరత్నం ఎక్కువసేపు ఆపేది ఇక్కడే. పడవ పైకప్పు చొప్పరం నుంచి కొబ్బరిబొండాలు దింపింది. పీతల ఇగురు, వేడన్నం వడ్డించింది. ఇందాకటి పీత చుట్టాలేమోనని బుల్లెమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, రెండోసారి వడ్డించుకుంది. మందాకిని వెల్లకిలా తేలుతూ, చెవుల్లోకి నీళ్ళు పోతే ఇల్లు, ఆఫీసు, పక్కింటి మోటారు ఏవీ వినిపించడం లేదని, ఇలాగే సాయంత్రం దాకా వదిలెయ్యమని బతిమాలింది. జాజిని తండ్రి చంకల కింద పట్టుకుని నీళ్ళలో నిలబెడితే, నీలం చేపపిల్లలు వచ్చి దాని వేళ్ళు కొరికాయి. అది కాళ్ళు టపటపా కొట్టింది. ఆ కొట్టుడులో నడక ఉంది. కుడి, ఎడమ, కుడి. నూకరత్నం చూసింది, చూడనట్టు ఊరుకుంది.

మూడోది లేగదీవి. అన్నిటికన్నా చిన్నది, పుట్టి ఆరేళ్ళు. ఇసుక అరచేతిలోకి తీసుకుంటే పాలపొడిలా జారిపోతుంది. గాజుకుంట ఒడ్డు ఇసుక మీద నాలుగు వందల పది పోగా చేతిలో నూట ఎనభై అడుగులున్నాయి. దీవి చుట్టి రావడానికి సరిపోతాయి, బుల్లెమ్మాయి పీతల జోలికి పోకపోతే.

పోలేదు. ఈసారి ఎంత పొదుపుగా నడిచిందంటే, తమ్ముడి అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, అలా వేస్తే రెండూ ఒకటిగా పడతాయా అని గుంజని అడిగింది. అలా పడవు అని లెక్కరి జవాబిచ్చింది. అడగడంలో తప్పు లేదు కదా అంది బుల్లెమ్మాయి. నూకరత్నానికి ఆవిడ మీద మొదటిసారి గౌరవం కలిగింది.

చుట్టు పూర్తయి నీటి అంచుకి వచ్చేసరికి తొమ్మిది అడుగులు మిగిలాయి. పడవ అక్కడే ఉంది. కాసేపు కూర్చుని బయల్దేరదామని మందాకిని ఇసుక మీద చతికిలబడింది. కూర్చోడానికి లెక్క లేదు. జాజి ఆమె ఒళ్ళో ఉంది. అంతలోనే ఒళ్ళో నిలబడింది. తల్లి భుజం పట్టుకుని ఒక కాలు కిందికి జార్చింది.

మందాకిని ఆ కాలు ఇసుకకి తగలకముందే చేత్తో పట్టుకుంది. జాజి ఏడవలేదు. కాలు విదిలించి, ఎదర ఉన్న ఖాళీ జాగా వంక చూసింది. భుజం మీద చెయ్యి వదిలేసింది. తల్లి తొడ మీద, ఎవరి ఆసరా లేకుండా, అటూ ఇటూ ఊగుతూ నిలబడింది.

బుల్లెమ్మాయి చెయ్యి డబ్బా మూత మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది.

"నూకరత్నం గారూ," అంది మందాకిని మెల్లగా. "ఎత్తుకోమంటారా?"

నూకరత్నం మోకాలిలోతు నీళ్ళలో ఉంది. ఎత్తుకోమంటే ఎత్తుకుంటుంది. మనుషులు మాట మీద నిలబడేవాళ్ళే. పడవ దక్కుతుంది, రేపు ఇంకో కుటుంబం వస్తుంది, ఇంకో పన్నెండు వందలు. పంతొమ్మిదేళ్ళలో తను ఈ ఇసుక మీద వేయించిన అడుగులు ఎనభై లక్షలకి తక్కువుండవు. వాటిలో ఒక్కటైనా ఎవరికైనా మొదటిదా? కట్టేసిన పడవని ఏడాదికి మళ్ళీ విప్పుకోవచ్చు, ఆ ఏడాది ఎండుచేపలు అమ్ముకోవచ్చు. ఈ సరుకు మాత్రం మనిషి జన్మలో ఒక్కసారే దొరుకుతుంది, అదీ ఇప్పుడే.

"వద్దు," అంది. "నడవనివ్వండి."

బుల్లెమ్మాయి మూత తీసేసింది. మోకాళ్ళ మీద వంగి, అరిసెలు ఒక్కొక్కటే ఇసుక మీద పరుచుకుంటూ వెనక్కి జరిగింది. ఆవిడ చూపంతా పిల్ల మీదే ఉంది గనక వరస వంకరగా వచ్చింది. జాజి మొదటి అరిసె మీద కాలు పెట్టింది. నువ్వులు అంటుకున్న పాదం పైకి లేచి రెండోదాని మీద పడింది. మూడు. నాలుగు. గుంజ మాట్లాడలేదు. అరిసె మందానికి ఇసుకచెవికి వినపడలేదేమో. ఇలాగే ఎనిమిది అరిసెల మీదా నడిచి కూలబడితే ఏ గొడవా లేకుండా పోతుందని నూకరత్నానికి ఒక చిన్న ఆశ.

జాజికి వంకర వరస నచ్చలేదు. అయిదో అరిసెని పక్కనుంచి చూసి, వదిలేసి, తిన్నగా ఇసుక మీదికి నడిచింది. కిలకిలా నవ్వుతూ, రెండు చేతులూ పైకెత్తి, ఏడడుగులు. కిరీటి ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో అతనికే తెలీదు.

"లేగదీవి, పడమటి ఇసుక," అంది గుంజ. "ముద్ర లేని పాదం. ఏడు అడుగులు. ఏ రకం?"

లెక్కరి దగ్గర కాళ్ళు మూడు రకాలు. యాత్రికులవి అద్దెకాళ్ళు. పడవవాళ్ళవి పనికాళ్ళు. మూడోవి పుట్టుకాళ్ళు. గుడ్డు పగలగొట్టుకుని వచ్చిన తాబేలుపిల్ల తన మొదటి అడుగు ఈ ఇసుక మీదే వేస్తుంది గనక అది ఈ దీవిది. దానికి ముద్ర అక్కర్లేదు, హద్దు లేదు. అయితే నిబంధన రాసిన పెద్దమనిషి తాబేలన్న మాట రాయడం మరిచాడు. తొలి నడక ఈ ఇసుక మీద నడిచిన ప్రాణి అని రాశాడు. ఏ కాగితమైనా చివరి వరస దాకా చదివే అలవాటున్న నూకరత్నం ఆ వరస పడవ కొన్ననాడే చదివింది. చదివినప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు నవ్వలేదు.

"పుట్టుకాళ్ళు," అంది.

"ప్రాణి వివరం."

"పేరు జాజి. తొలి నడక ఇక్కడే. అంతకుముందు దీని అడుగు నీ దగ్గర గాని, ఏ గట్టు మీద గాని ఉందేమో ఎతుక్కో."

లెక్కరి వెతికింది. మామూలుగా రెప్పపాటులో తేల్చేది, ఈసారి గట్టు గట్టునా గాలించింది. నూకరత్నం చేతిలో లంగరు తాడు తడిసి బరువెక్కింది.

"అంతకుముందు అడుగు లేదు," అంది చివరికి. "నమోదైంది. లేగదీవి ప్రాణి ఒకటి. పుట్టుకాళ్ళు. దారి వదలండి."

ఆ ఆఖరి మాటతో పగడపు గోడ పొడుగునా సన్నని ఈల వరసగా మోగింది. పడవల మరలన్నీ ఒక్కసారి ఆగాయి. కపిల దగ్గర రెండు, గాజుకుంట ముఖద్వారంలో నాలుగు, వెనక్కి మళ్ళినవి మరో మూడు. పగడపు నారుకి మేత పోసే గొట్టాలు కూడా ఆగిపోయాయి. సముద్రంలో అల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ప్రాణి నీరు చేరేవరకు ఎవరూ తాకరాదు. ఎదురు నిలవరాదు. తొందరపెట్టరాదు," అంది లెక్కరి.

కూతుర్ని ఎత్తుకోబోయిన కిరీటి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. బుల్లెమ్మాయి అరిసెల డబ్బాతో సహా పక్కకి దొర్లి దారి ఇచ్చింది. దొర్లడానికి లెక్క ఉందో లేదో ఎవరూ అడగలేదు. జాజి వెనక్కి తిరిగి, తను వదిలేసిన అయిదో అరిసె దగ్గరకి వచ్చి కూలబడి, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొరికింది.

పడవలోని మాటల గొట్టంలోంచి మొదట కపిల దగ్గరున్న పడవమనిషి ధర్మారావు గొంతు వచ్చింది. "ఏటే నూకరత్నం, తాబేళ్ళ కాలం కాదుగా ఇది. ఎంతసేపట?"

"తెలీదు మావా. పిల్ల అరిసె తింటంది."

అవతల ఒక నవ్వు, దాని వెనక ఇంకో పడవలోంచి ఇంకో నవ్వు వినిపించాయి. ఎవరో యాత్రికులు ఎలాగూ ఆగాం కదా నీళ్ళలోకి దిగుతామన్నారు.

నూకరత్నం లంగరు వదిలి, వచ్చి నీటి అంచున కూర్చుంది. చేతిలో లెక్కపెట్టడానికి ఏమీ లేదు. ఎండ చల్లబడింది.

"ప్రాణి నీటి వైపు కదలడం లేదు," అంది లెక్కరి. "ఎంత సమయం?"

"నన్నడిగితే? దాన్నే అడుగు."

గుంజ ఇన్నేళ్ళలో ఎవరూ వినని గొంతుతో, బాగా తగ్గించి, జాజి వైపు తిరిగి అడిగింది.

"తమరు ఎప్పుడు బయల్దేరతారండి?"

జాజి తల ఎత్తి గుంజ వంక చూసింది. కొరికిన అరిసెలో ఒక ముక్క విరిచి, దాని వైపు చాచింది.