బీదరులో మంచు టైర్లు

"అక్కా, నోయల్ అన్న ఫోన్ ఎత్తుతలేడు. మంచు టైర్ల సంగతి ఇయ్యాల్నే తేల్చాలె!"

ఉదగీర్ రోడ్డులో టైర్ల దుకాణం నడిపే సంగమేష్ ఇంటి గుమ్మంలో నిలబడి ఆ మాట అనగానే నోయల్ భార్య హేబ్సిబాకు నవ్వొచ్చింది. బీదరులో మంచేమిటి! డిసెంబరులో తెల్లవారుజామున కోట గోడల మీద కాస్త తెల్లగా కమ్ముకుంటే అదే గొప్ప!

"మంచు టైర్లెందుకు తమ్మీ? మీ అన్న బండి అమ్మనీకి నాగపూర్ పోతుండు గదా!"

సంగమేష్ తెల్లబోయాడు. "నాగపూరా? హిమాచల్ గదా అక్కా! జనవరిల షెకినా పాప కాన్పు గదా... అల్లుడి కారు మంచుల జారి బండకు కొట్టుకున్నదట. అందుకే అన్న మన బండి తీస్కపోతా అన్నడు..."

కాన్పు! అల్లుడు!

షెకినా హేబ్సిబాకు ఒక్కగానొక్క కూతురు. హిమాచల్ కొండల్లో ఒక ఆసుపత్రిలో నర్సు. ఆ బిడ్డకు మంచి సంబంధం కుదరాలని హేబ్సిబా ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి, చర్చిలో మోకాళ్ళ మీద పడి కన్నీళ్ళు కార్చింది! పోయిన నెలలోనే మంగళగి ఊళ్ళోని జయానందం మాస్టారి కొడుక్కు పిల్లనిస్తానని మాట కూడా ఇచ్చింది. అప్పుడు నోయల్ పక్కనే కూర్చుని, చాయిలో బిస్కెట్టు ముంచుకుని తింటూ తలూపాడు... కట్టుకున్న భర్త! ఒక్క మాట అనలేదు!

చెల్లెలు జాయ్‌కి ఫోన్ చేసింది. "నీకు ఎరికేనా?" అని అడిగింది. అవతల జాయ్ వెక్కింది. "బావ ఒట్టు పెట్టించుకున్నడక్కా..." హేబ్సిబా ఇంకేమీ వినలేదు. రోజూ తన వంటింట్లో కూర్చుని తనతో పాటు కూరగాయలు తరిగే చెల్లెలు కూడానా!

సాయంత్రం నోయల్ ఇంటికొచ్చేసరికి పొయ్యి వెలగలేదు. భార్య కళ్ళు చూడగానే అతనికి అర్థమైపోయింది. తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"పోయిన యేడు చర్చి కన్వెన్షన్‌కని గుంటూరు పోయిన్రు గదా," అంది ఆమె మెల్లగా. "పెదవులు పగిలి నెత్తురు కారుతుంటే రైలుల ఏసీకి పగిలినయంటిరి. నా చేత్తోని వెన్న రాసిన. అది బిడ్డ పెండ్లి చేసొచ్చిన చలేనా షెకినా డాడీ?"

నోయల్ తల వంచుకున్నాడు. "పిల్లగాడు మంచోడే హేబ్సీ. రిగ్జిన్ అని, ఆ ఆసుపత్రి అంబులెన్స్ నడుపుతడు. కానీ మన మతం కాదు, మన భాష కాదు... నువ్వు ఒప్పుకోవని షెకినా భయపడ్డది. కోపంల ఏమన్న చేసుకుంటవని నేను గూడ..."

"అడిగిన్రా?" అంది ఆమె. "నేను వద్దన్ననా? ఒక్కనాడన్న అడిగిన్రా నన్ను? నేనేమంటనో మీరే అనుకున్నరు, మీరే జవాబిచ్చుకున్నరు! తొమ్మిది నెలలు మోసిన దాన్ని, నా బిడ్డ నెత్తి మీద అక్షింతలు వెయ్యనీకి గూడ పనికి రాకపోతినా?"

నోయల్ ఏడ్చేశాడు. ఆమె ఓదార్చలేదు. జీవితంలో మొదటిసారి, ఆయన ఏడుస్తుంటే చూస్తూ కూర్చుంది.

తెల్లవారాక హేబ్సిబా ఒంటరిగా సంగమేష్ దుకాణానికి వెళ్ళింది. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన కళ్ళతోనే స్టూలు మీద కూర్చుంది.

"చెప్పు తమ్మీ. ఏం తేల్చాలె?"

సంగమేష్ సంకోచిస్తూనే ఒక టైరు దొర్లించుకొచ్చాడు. పెద్ద పెద్ద దిమ్మెలతో, చూస్తేనే మొరటుగా ఉంది. "అన్న ఇసొంటియి అడిగిండు. అవి గూడ ముందు చక్రాలకు రెండే చాలన్నడు. ఇవి బురదల బాగ పోతయక్కా. గడ్డకట్టిన మంచు మీద పట్టు దొరకదు. మన దిక్కు టైర్ల రబ్బరు చలికి కట్టెలెక్క గట్టిపడ్తది." ఫోన్‌లో ఇంకో బొమ్మ చూపించాడు. "ఇది చలికాలం టైరు. ఎంత చలికైనా మెత్తగనే ఉంటది. ఈ సన్న కోతలు మంచును కరిచి పట్టుకుంటయ్. పక్కన కొండ బొమ్మ, దాంట్ల మంచు పువ్వు ఉన్నది చూడు. ఆ గుర్తు ఉన్నదే తీసుకోవాలె."

"రెండు చాలవా?"

"మలుపుల వెనక చక్రాలకు పట్టు లేకుంటే బండి గిర్రున తిరుగుతదక్కా."

హేబ్సిబా ఫోన్‌లోని బొమ్మ మీద వేలు పెట్టింది. "నా బిడ్డ వెనక సీట్లనే గదా కూసునేది... నాలుగూ అవే కావాలె. ఇయ్యాల్నే ఎక్కించు."

"ఇక్కడ వద్దక్కా. మన వేడి రోడ్ల మీద ఆ మెత్త రబ్బరు అరిగిపోతది. చండీగఢ్‌ల నాకు తెలిసిన దుకాణమున్నది. అక్కడ తయారుగ పెట్టమంట. కొండ ఎక్కేముందు మార్చుకోండి."

ఇంటికొచ్చి నోయల్‌తో ఒక్కటే మాట అంది. "నేనూ వస్తున్న. కానీ ముందు మంగళగి పోదాం. మాట నా నోటితో ఇప్పిచ్చిన్రు. కాదని మీ నోటితో చెప్పుండ్రి."

జయానందం మాస్టారి ముంగిట్లో నోయల్ చేతులు జోడించి నిజమంతా చెప్పాడు. మాస్టారు ఆయన్ను ఏమీ అనలేదు. "అమ్మా, నీకు గూడ తెల్వదా?" అని హేబ్సిబాను మాత్రం అడిగారు. ఆ జాలి ఆమెను ఏ తిట్టూ కాల్చనంతగా కాల్చింది!

బయలుదేరే ముందు షెకినా ఫోన్ చేసింది. "అమ్మా... నా మీద కోపమా?"

"కోపమే! కోపంతోనే వస్తున్న. కదలకుండ పండుకో," అంది హేబ్సిబా.

దారి పొడుగునా ఆమె వెనక సీట్లోనే కూర్చుంది. చండీగఢ్‌లో టైర్లు మారుస్తుంటే మాత్రం ఎండలో నిలబడి, నాలుగింటి మీదా కొండ గుర్తు వేలితో తడిమి చూసుకుంది.

వాళ్ళు చేరిన మర్నాడే షెకినాకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందనీ, కింద పెద్దాసుపత్రికి తీసుకుపోవాల్సిందేననీ డాక్టరమ్మ చెప్పింది. అంబులెన్సు ఇంకో డ్రైవరుతో వేరే ఊరికి పోయింది. పై నుంచి మంచు దూదిలా రాలుతోంది. బీదరు నుంచి తెచ్చిన కారు స్టీరింగు రిగ్జిన్ పట్టుకున్నాడు, పక్కన నోయల్. వెనక సీట్లో షెకినా తల తల్లి ఒడిలో!

ఒక మలుపులో ఎదురుగా వస్తున్న జీపు అమాంతం అడ్డంగా జారింది! రిగ్జిన్ నెమ్మదిగా బ్రేకు వేశాడు. చక్రాలు కరకరమని మంచును కొరికి పట్టుకున్నాయి. కారు ఒక్కసారి వణికి... ఆగింది! లోయ అక్కడే, కిటికీ పక్కనే నోరు తెరుచుకుని ఉంది. "ప్రభువా!" అని హేబ్సిబా కూతురిని గుండెకు అదుముకుంది. ముందు సీట్లో కూర్చున్న నోయల్ వెనక్కి తిరిగి ఆమె వంక చూశాడు.

ఆ సాయంత్రం ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం.

"మన్నించినవా హేబ్సీ?" వరండాలో నోయల్ అడిగాడు.

"లేదు," అంది ఆమె. "మన్నిస్తనేమో. ఎప్పుడో నాకే తెల్వదు. నన్ను తొందరపెట్టకుండ్రి." అని లోపలికి వెళ్ళింది.

షెకినా నీరసంగా చేయి చాచింది. చెంపలు తడిగా ఉన్నాయి. "అమ్మా... తప్పు చేసిన. నిన్ను అడగకుండ అన్నీ చేసిన. దీనికి పేరు మాత్రం నిన్ను అడిగే పెడతనని రిగ్జిన్‌కు చెప్పిన. చెప్పమ్మా... ఏం పేరు పెడదాం?"

హేబ్సిబా ఇన్ని రోజులుగా బిగబట్టుకున్న దుఃఖమంతా ఒక్కసారిగా కట్ట తెంచుకుంది. మంచం పక్కన కూర్చుని, కూతురి చేతిలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

"అడిగినవా బిడ్డా... నన్నొక మాట అడిగినవా!" చాలాసేపటికి తలెత్తి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మనవరాలి వంక చూసింది. "ఉండు, ఇట్ల ఇయ్యి దాన్ని. మొఖం మంచిగ చూసి చెప్త."