ఒక్కటే కూత

పెళ్లి ఫొటోగ్రాఫరుకు ఒక జబ్బు ఉంటుంది. లోకంలో ఏది జరిగినా తనకోసం రెండోసారి జరుగుతుందని నమ్ముతాడు. తాళి కట్టేటప్పుడు ఎవరి చెయ్యో అడ్డమొస్తే "అన్నా, ఇంకోసారి" అంటాడు. పెళ్లికొడుకు బుద్ధిగా మళ్లీ వంగుతాడు. ఇటిక్యాలలో స్టూడియో నడిపే శివకు ఈ జబ్బు బాగా ముదిరింది.

ఆ డిసెంబరులో రాష్ట్రస్థాయి బాలికల కబడ్డీ పోటీలు గద్వాలకు వచ్చాయి. ధనుర్మాసం, పెళ్లిళ్లు లేవు. వాలంటీర్లు కావాలని తెలిసి శివ తన పేరూ, తన కెమెరా పేరూ కలిపే ఇచ్చాడు.

మొదటి రోజు పొద్దున మంచు ఇంకా విడలేదు. మ్యాటు అవతల నిలబడ్డవాళ్లు సరిగా కనబడటం లేదు. గద్వాల జట్టు నుంచి పెంటమ్మ అనే గట్టు ఊరి పిల్ల కూతకు వెళ్లింది. ఒకరిని తాకి వెనక్కి తిరిగింది. గీత దగ్గర మోకాళ్ల మీద కూర్చున్న శివ అలవాటు కొద్దీ కేకేశాడు.

"పాపా, ఇటు చూడు, ఇంకోసారి."

ఫ్లాష్ వెలిగింది. చిన్నప్పటి నుంచి ప్రతి పెళ్లిలోనూ ఫొటో అన్న పిలిస్తే ఆగడం నేర్చిన పిల్ల, ఆగి చూసింది. అంతలో వెనక నుంచి ఇద్దరు కాళ్లు పట్టేశారు. విజిల్ పడింది. పాయింటు పోయింది.

వాలంటీర్లను చూసుకునే పీటీ మేడం ప్రేమలత నీలం స్వెట్టరులో, కుడికాలు కొంచెం ఈడుస్తూ అతని దగ్గరికి వచ్చింది. పెంటమ్మ ఆమె శిష్యురాలే.

"పేరేంది?"

"శివ, మేడం."

"శివన్నా, పెండ్లిల తాళి రెండుసార్లు కట్టిస్తవేమో. ఈడ ఇంకోసారి ఉండదు. పిల్ల కూత మీద ఉన్నప్పుడు పిలుస్తరా ఎవరన్న?"

ఆమె గొంతు పెంచలేదు. తిట్టి ఉంటే అతనికి కొంత నయంగా ఉండేది. ఆ "అన్నా" కూడా ఎక్కడో గుచ్చుకుంది, కానీ అది చెప్పుకునే సందర్భం కాదు.

"కెమెరా బ్యాగుల పెట్టు. ఇయ్యాల నీళ్ల క్యాన్లు మొయ్యి. ఆట తెల్సినంక తీద్దువు."

శివ మోశాడు. పెంటమ్మ దగ్గరికి వెళ్లి తప్పైందన్నాడు. ఆ పిల్ల ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నం మెట్ల మీద కూర్చున్న ప్రేమలత తన జొన్నరొట్టె తుంచి, పల్లికారం పెట్టి అతని చేతిలో పెట్టింది.

"కండ్లు మూస్కో."

"కెమెరా పట్టేటోణ్ని కండ్లు మూస్కోమంటవేంది మేడం?"

"మూస్కోమంటున్న గద. విను. కూత మందంగ వస్తున్నదా? పిల్ల ఇంక జాగ చూస్తున్నది, అంతే. జర ఆగు. ఇగో, సన్నబడ్డది. ఇప్పుడు దూకుతది. తెరువు."

తెరిచాడు. అవతలి జట్టు పిల్ల గాలిలో ఉంది.

మరునాటి నుంచి అతని ఫొటోలు మారిపోయాయి. ఫ్లాష్ ముట్టుకోలేదు, ఎవరినీ పిలవలేదు, చెవితో ఫొటోలు తీశాడు. సాయంత్రం ప్రేమలత కెమెరా వెనక తెర మీదికి వంగి చూసేది. ఆమె జడ అతని భుజాన్ని తాకేది. అతను ఊపిరి తీయడం మరిచిపోయేవాడు.

"మంచిగ తీసినవ్ అన్నా."

"అన్నా అనకుంటే ఇంక మంచిగ తీస్త."

"మరి ఏమనాలె?"

శివ ఖాళీ క్యాన్లు రెండూ పట్టుకుని నడిచాడు. వెనక ఆమె నవ్వు వినిపించింది. ఆ నవ్వు కూడా ఫొటోలో పట్టదు కదా అనుకున్నాడు.

అసలు ఆమె ఫొటోయే అతని దగ్గర లేదు. కెమెరా అటు తిరిగితే చాలు, అరచెయ్యి అడ్డం పెట్టేది. ఎందుకని అడిగితే మోకాలు నిమురుకుంటూ చెప్పింది.

"నేను గూడ ఆడేదాన్ని. ఇదే గ్రౌండుల పడ్డ. మోకాలు తిరిగిపోయింది. ఆనాడు మొదటిసారి మా అమ్మ ఆట చూడనీకె వచ్చింది. చూసింది గదే. మళ్ల గ్రౌండు దిక్కు రాలే. మా అమ్మ కండ్లల్ల నేను ఇంక పడే ఉన్న, శివన్నా."

ఆమె మ్యాటు వైపు చూసింది.

"ఆఖరి దినం ఫైనల్‌కు ముందు పాత ప్లేయర్లతోటి చిన్న మ్యాచ్ ఉంటది. ఒక్క కూతకు పోయి వస్త. డాక్టర్ ఒద్దన్నడు. నడవనీకె ఆ కాలు చాలు, ఆటకు చాలదన్నడు. అందుకే ఒక్కటే. నేను నిలవడి ఉన్న ఫొటో ఒక్కటి తియ్యి. మా అమ్మకు చూపియ్యాలె."

"తీస్త," అన్నాడు శివ. ఆ మాట ఇచ్చాక భయం పట్టుకుంది. పెళ్లిళ్లలో ఎన్నడూ ఎరగని భయం అది.

మరునాడు జెర్సీల డబ్బా తెమ్మని ఆమె అతన్ని తన ఇంటికి పంపింది. తండ్రి ముంబైలో కట్టడం పనికి పోయి ఉన్నాడు. తల్లి బాలమణి పత్తి ఏరి వచ్చి, గోడ మీది ఏసు పటం కింద కూర్చుని, కాయలు గీరిన వేళ్లకు నూనె రాసుకుంటోంది. చాయ్ ఇచ్చి కూర్చోమంది.

"మోకాలు నొస్తున్నదని అన్నదా బిడ్డా, ఎప్పుడన్న?"

"అనలేదమ్మా. ఆఖరి దినం మధ్యాహ్నం ఆడుతది. ఒక్కసారే. నువ్వొస్తే సంబురపడ్తది."

బాలమణి గ్లాసు కింద పెట్టింది.

"ఆట పేరు నా తాన ఎత్తకు. దాన్ని దవాఖానకు ఎత్తుకపోయిన చేతులివి. నేను రాను."

ఆఖరి రోజు వచ్చింది. మైదానం చుట్టూ కట్టిన తాళ్ల వెంట జనం కిక్కిరిసి ఉన్నారు. శివ మూల దగ్గర కూర్చుని, కెమెరాను పదే పదే తుడిచాడు. ప్రేమలత మోకాలికి పట్టీ బిగించుకుని గీత దగ్గర నిలబడింది. ఒకసారి అతని వైపు చూసింది. ఈసారి అరచెయ్యి అడ్డం పెట్టలేదు.

కూత మొదలైంది. ఆమె గొంతు అతను ఊహించినట్టే ఉంది, నిదానంగా, మందంగా. కుడికాలి మీద బరువు వేయకుండా ఎడమకాలితో జరుగుతోంది. శివ వేలు బటన్ మీద ఉంది. కూత సన్నబడటం కోసం చెవులు రిక్కించాడు.

అప్పుడు అతనికి ఇంకో కూత వినిపించింది.

మ్యాటు మీద నుంచి కాదు. వీపు వెనక నుంచి, తాడు అవతల నుంచి, గుసగుసలా. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ.

తల తిప్పాడు. బాలమణి. పనిలోంచి నేరుగా వచ్చినట్టుంది, కొంగుకు పత్తి పోగులు అంటుకుని ఉన్నాయి. ముందుకు వంగి, తన కుడిమోకాలిని తానే రెండు చేతులతో గట్టిగా పట్టుకుని ఉంది. కూతురి ఊపిరి ఎక్కడ తెగిపోతుందోనని తన ఊపిరి కూడా కలిపి కూత కూస్తోంది. కళ్లు మ్యాటును వదలడం లేదు.

మ్యాటు మీద కూత సన్నబడింది. ఉన్నది ఒక్క క్షణం. అటా, ఇటా?

శివ తల్లి వైపే నొక్కాడు.

ఇటు తిరిగేసరికి విజిల్ పడిపోయింది. ప్రేమలత ఒకరిని తాకి గీత దాటి వచ్చి, రెండు కాళ్ల మీదా నిలబడి ఉంది. జనం ఈలలు వేస్తున్నారు. ఆమె వగరుస్తూ నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"తీసినవా?"

"లేదు."

ఆమె ముఖంలో వెలుగు ఆరిపోయింది.

"ఒక్కటే అని చెప్పిన గద నీకు. ఇంకోసారి ఉండదని చెప్పిన గద."

శివ కెమెరా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తెర వైపు చూసింది. చాలాసేపు చూసింది. తల్లి సున్నాలా తెరుచుకున్న పెదాలు, మోకాలిని పట్టుకున్న ఆ గీరుకుపోయిన వేళ్లు, రెప్ప వేయని కళ్లు.

"అమ్మ కూత కూస్తున్నది," అంది ప్రేమలత. "నేను దాటినప్పుడు అమ్మ చూసిందా?"

"ఆఖరి దాక చూసింది."

"అయితే ఆమె కండ్లల్ల నిలవడ్డ." వెక్కుతూనే చెంపలు తుడుచుకుంది. "శివా, నాకు ఫొటో అక్కరలేదు."

అన్నా లేదు. శివ ఆ మాటను జాగ్రత్తగా విన్నాడు.

"మేడం, ఒక మాట. దీనికి గూడ ఇంకోసారి ఉండదు, గందుకే ఇప్పుడే చెప్త. నువ్వంటే నాకు ఇష్టం. పెండ్లి చేసుకోవాలని ఉన్నది. పొద్దున మా అమ్మకు గూడ ఫోన్ జేసి చెప్పిన."

"నాకంటె ముందు మీ అమ్మకు చెప్పినవా?"

"నీకు చెప్పే ధైర్యం లేక, ముందు ఆమెకు చెప్పి నేర్చుకున్న."

ఏడుస్తున్న మనిషి నవ్వింది. "ఏమన్నది?"

"చర్చికి పోతదా అనడిగింది. పోతదన్న. కాలు సంగతి గూడ చెప్పిన. తర్వాత, పిల్లకు కాలు నొస్తదా అనడిగింది. ఒకసారి తీస్కరా, చూస్త అన్నది."

ప్రేమలత తల వంచుకుంది. "పోదాం తియ్," అంది మెల్లగా.

అంతలో బాలమణి తాడు కింద నుంచి దూరి వచ్చింది. వస్తూనే కూతురి భుజం మీద ఒక్కటి వేసింది. తర్వాత నేల మీద చతికిలబడి, ఆమె మోకాలి పట్టీ విప్పి నిమరసాగింది.

"నొస్తున్నదా?"

"లేదమ్మా."

"నా తాన అబద్ధాలా?"

"జర నొస్తున్నది."

"అది చెప్పు." తల ఎత్తి తెర మీద తన ముఖం చూసుకుంది. "అయ్యో, నోరు తెర్చుకున్నది తీసినవేంది బిడ్డా? గిది తీసెయ్. మంచిగ ఇంకోసారి తియ్యి."

శివ ప్రేమలత వైపు చూశాడు. అనుమతి ఆమెదే.

"ఈ ఒక్కదానికి ఉంటది," అంది ఆమె, తల్లి పక్కన కూర్చుంటూ.

శివ కెమెరా ఎత్తాడు. బాలమణి చెయ్యి ఊపింది.

"నువ్వెందుకు ఎప్పుడు అటే నిలవడ్తవ్? ఇటు రా. వాళ్ల నాయిన ఫోన్ జేస్తే ముగ్గురం ఉన్నది పంపాలె."

ఫైనల్ కోసం ఒళ్లు వేడి చేసుకుంటున్న పెంటమ్మ పరుగున వచ్చి కెమెరా అందుకుంది. దాన్ని కంటికి ఆనించి, పాత బాకీ తీర్చుకునే సమయం ఇదేనన్నట్టు గొంతు సవరించుకుంది.

"శివన్నా, ఇటు చూడు."

శివ చూడలేదు. అతను పక్కకు తిరిగి ప్రేమలతనే చూస్తున్నాడు.

"ఇంకోసారి," అంది పెంటమ్మ.