తెల్లమ్మ సందులో గైడు పరీక్ష

టాలిన్ నగరంలో, పాత ఊళ్ళో గైడ్ల నోరు మూయించగలిగిన చోటు ఒక్కటే ఉంది. తెల్లమ్మ సందు.

కోటగోడకి ఆనుకుని, రెండు పాత ఇళ్ళ మధ్య, నెత్తిన కమానులతో సొరంగంలా పోతుంది. పగలు చూస్తే ఏమీ ఉండదు. రాళ్ళు, తడి, ఓ బద్ధకపు పిల్లి. చీకటి పడ్డాక మాత్రం... అక్కడ నోరు విప్పినవాళ్ళ గొంతు తెల్లమ్మ దెయ్యం పట్టుకుపోతుందని పేరు. కిందటేడు ఒక గైడు ఆ సందులో జోకు చెప్పాడు. మర్నాటి నుంచి చలికాలం అంతా సైగలతోనే బతికాడు. జలుబన్నారు డాక్టర్లు. వాళ్ళకేం, ఎన్నయినా అంటారు.

నాకెలా తెలుసంటారా? ఆ సందు అవతలి మొగకి నాలుగిళ్ళ దూరంలోనే నా బండి. బాదంపప్పుకి పంచదార, దాల్చినచెక్క పట్టించి వేయించి అమ్ముతాను. యాత్రికుల ముచ్చట కోసం నెత్తిమీద రాజుల కాలంనాటి కుచ్చుటోపీ, కాళ్ళకి మాత్రం రబ్బరు బూట్లు. ఈ కథలో సగం నేను కళ్ళారా చూసింది. మిగతా సగం లేలో నోట విన్నది.

లేలో ఓడరేవులో టిక్కెట్ల కిటికీ వెనక కూర్చునే పిల్ల. మా ఊరి జనానికి మాటంటే మహా పొదుపు. బస్టాపులో మనిషికీ మనిషికీ మధ్య ఆవు పట్టేంత జాగా వదులుతారు. పక్కింటాయన పేరు పదేళ్ళయినా అడగరు. అలాంటి ఊళ్ళో ఈ పిల్ల వాగుడుకాయై పుట్టింది! హెల్సింకీకి టిక్కెట్టు అడిగినవాడికి, ఓలెవిస్తె చర్చి గోపురం మీద పిడుగులు పడ్డ వైనం మొత్తం వినిపించేది. వెనక క్యూ పెరిగిపోయేది. "ఇంకోసారి పిడుగుల ఊసెత్తావంటే ఇంటికి పంపేస్తా" అని పై అధికారి తేల్చేశాడు.

గైడు బిళ్ళ ఒక్కటి చేతికొస్తే చాలు, రోజంతా మాట్లాడొచ్చు, పైగా వినేవాళ్ళు డబ్బులిస్తారు. లేలో దృష్టిలో స్వర్గం అంటే అదే. కానీ పరీక్ష తప్పితే మళ్ళీ ఆ కిటికీ వెనకే, ఈసారి నోరు కుట్టేసుకుని.

పరీక్ష నడుస్తూ పెడతారు. పెట్టేది హెల్దుర్ గారు. పొడుగు కోటు, మడత నలగని మఫ్లరు. ఆయన మొహం చూసి మార్కులు ఊహించడం కంటే, కోటగోడ మొహం చూసి ఊహించడం సులువు.

ఆ రాత్రి... రాత్రంటే అర్ధరాత్రి అనుకునేరు! సాయంత్రం నాలుగున్నర. నవంబరు చివర మా ఊళ్ళో సూర్యుడు ముఖం చూపించి మర్యాదగా వెళ్ళిపోతాడు. సముద్రం మీంచి పొగమంచు కూడా దిగింది.

కొండమీది ఊరి కథలు బాగా చెప్పింది లేలో. టౌన్‌హాలు ముందు అదరగొట్టింది. పాత మందులకొట్టు దగ్గర, ఎండు కప్పల పొడితో చేసే మందు సంగతి చెప్తుంటే దారినపోయేవాళ్ళు కూడా ఆగారు. హెల్దుర్ గారు మాత్రం "ఊఁ" అన్నాడు.

ఆ తర్వాత సందు వచ్చింది.

"ఇక్కడ... కథ చెప్పక తప్పదాండీ?" అని గొణిగింది లేలో.

"వదిలేస్తే ఫెయిలు" అన్నాడాయన. "ముందు మీరు నడవండి. వెనక్కి చూడకూడదు. గైడు బెదిరితే వెనకున్నవాళ్ళు బెదిరిపోతారు."

పరీక్షలో ఫోను చూడకూడదని లేలో ఫోను ముందే ఆయన జేబులో వేసుకున్నాడు. సందులో ఉన్న ఒక్క దీపం మాడిపోయి ఉంది. బళ్ళ వెలుగు పడితే మెరవాలని లేలో కోటుకి వేలాడేసుకున్న మెరుపు బిళ్ళ ఒక్కటే ఊగుతోంది. చీకట్లో ఆ బిళ్ళ లేకుండా తిరిగేవాళ్ళు మా ఊళ్ళో రెండే రకాలు — యాత్రికులు, దెయ్యాలు.

అడుగు పెట్టింది. చలి... బయటి చలి కాదు, నేలమాళిగ చలి.

"ఇ... ఇది తెల్లమ్మ సందు" అంది. గొంతు పోలేదు. ఇంకో మాట అంది. ఇంకా ఉంది! "పూర్వం ఇక్కడొక ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఆయన మూడో కూతురు..."

అప్పుడే ఆమె మోచేతి దగ్గర కోటు చెయ్యి ఎవరో పట్టుకున్నారు.

లేలో ఉలిక్కిపడింది. అంతలోనే నవ్వొచ్చింది. హెల్దుర్ గారు! పాపం, ఈయనకీ భయమే! చొక్కా బొత్తాం కూడా ఒకరికి తగలనివ్వని పెద్దమనిషి తన కోటు పట్టుకుని వేలాడుతున్నాడంటే ఎంత హడలిపోయాడో. ఆ తలపుతో కాస్త ధైర్యం చిక్కింది.

"మూడో కూతురు కాదు..." అని వెనకనుంచి గుసగుస. "రెండో కూతురు."

చచ్చాం. తప్పు దొర్లింది. "క్షమించండి, రెండో కూతురు... పెళ్ళిబట్టలు కట్టుకుని వరుడి ఓడ కోసం ఎదురుచూసింది. ఆ ఓడ తుపానులో మునిగి..."

"మునగలేదు." కోటు మీద పట్టు బిగిసింది. "వెధవ... స్టాక్‌హోంలో ఇంకోదాన్ని కట్టుకున్నాడు."

లేలో నోరు తెరిచింది. రెండో తప్పు! అంతకంటే, హెల్దుర్ గారి నోట వెధవ అన్న మాట! చరిత్ర అంటే ఈయనకి ఇంత మమకారం ఉందా అనుకుని, బుద్ధిగా ఆ ముక్క కూడా కలిపి మళ్ళీ మొదట్నించీ చెప్పింది. ఈసారి దిద్దుబాటు లేదు. చెవి పక్కన చల్లగా ఊపిరి తగిలింది, అంతే.

"ఇప్పుడు సరిగ్గా ఉంది..." అంది గుసగుస. పట్టు సడలింది.

లేలో తలెత్తి ముందుకి చూసింది.

సందు చివర... తెల్లగా ఒకటి నిలబడి ఉంది.

దాని పక్కన ఇంకొకటి. వెనక మరికొన్ని. పాదాల దాకా తెల్లబట్టలు. ముఖాలు లేవు — ముఖాల చోట లేసు ముసుగులు. కదలవు, మాట్లాడవు.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలీదు. నేనైతే కుచ్చుటోపీ వదిలేసి పరుగో పరుగు. లేలో వెనక్కి చూడకూడదు, పరుగెడితే ఫెయిలు. ఆ పిల్లకి ఒక్కటే విద్య వచ్చు. మాట్లాడటం.

"ద... దయచేసి అందరూ కుడిపక్కకి రండి" అంది ఏడుపు గొంతుతో. "రాళ్ళు జారతాయి, జాగ్రత్త. ఇప్పుడు మనం చూడబోయేది పాత నేతగాళ్ళ వీధి..."

కళ్ళు మూసుకుని వాళ్ళ మధ్యలోంచి నడిచింది. బట్టలు సరసరమన్నాయి. అవి... వెనకాలే వచ్చాయి.

ఇక్కడినుంచి నేను చూసిందే. పొగమంచులోంచి లేలో వస్తోంది. కళ్ళు గట్టిగా మూసి, నేతగాళ్ళ గురించి గుక్క తిప్పుకోకుండా వాగుతోంది. దాని వెనక వరసగా, క్రమశిక్షణగా, తెల్ల పెళ్ళికూతుళ్ళ మంద! నా చేతిలోని గరిటె జారిపోయింది. బాదంపప్పు రాళ్ళమీద చల్లినట్టయింది.

ముందున్న పెళ్ళికూతురు నా బండి దగ్గర ఆగింది. వాసన పీల్చింది.

"అబ్బ! దాల్చినచెక్క!" అంది, కప్పల బావిలాంటి బొంగురు గొంతుతో.

ముసుగు ఎత్తింది. కింద ఇంత లావు మీసం.

"కాల్యూ! నువ్వేంట్రా!" అని అరిచాను. ఓడరేవులో క్రేను నడిపే కాల్యు. వాళ్ళమ్మ లంగా, కిటికీ తెర ముసుగు, ఆపిల్ పళ్ళూ పప్పుగింజలూ నింపిన సంచీ.

అప్పటికి గుర్తొచ్చింది నాకు. ఇవాళ కద్రి రోజు! ఏటా ఈ రోజున మగాళ్ళు కూడా ఆడవేషం వేసి, తెల్లబట్టలు కట్టుకుని, మొహాలు కప్పుకుని ఇంటింటికీ తిరిగి పాడతారు, తిండి అడిగి పెట్టించుకుంటారు. చిన్నప్పట్నించీ చేస్తున్నదే. పరీక్ష భయంలో ఆ పిల్ల మర్చిపోయింది, బేరం ధ్యాసలో నేనూ మర్చిపోయాను.

"మరి నోరు విప్పరేంరా, మూగ వెధవల్లారా?"

"సొంత గొంతు వినిపిస్తే ఎవరో తెలిసిపోదూ?" అన్నాడు కాల్యు. "సన్నగొంతు చేసుకోవాలి. నాకది రాదు. సందు మొగలో నిలబడి అదే సాధన చేద్దామనుకుంటుంటే ఈ అమ్మాయి రండి అంది. వచ్చాం. టిక్కెట్టు లేకుండా ఇంత బాగా ఎవరు చెప్తారు?"

లేలో కళ్ళు తెరిచింది. మీసాన్ని చూసింది. ముందు ఎక్కిళ్ళలా మొదలైంది... ఆ తర్వాత ఆగలేదు. రాళ్ళమీద కూలబడి, పొట్ట పట్టుకుని, కన్నీళ్ళు కారేదాకా నవ్వింది. మేమూ నవ్వాం. మా వీధి అంత మోత ఎప్పుడూ విని ఉండదు.

ఎదురుగా కేకుల కొట్టు తలుపు తెరుచుకుంది. హెల్దుర్ గారు బయటికొచ్చాడు.

"సందులో... బాగానే చెప్పారు" అన్నాడు గంభీరంగా. మఫ్లరు మీద కేకు పొడి.

లేలో చటుక్కున లేచింది. నవ్వు పోయింది. "ఆ రెండు తప్పులకీ ఫెయిలు చెయ్యకండి, హెల్దుర్ గారూ! మీరు దిద్దగానే సరిచేశాను కదండీ. రెండో కూతురనీ, వరుడు మునగలేదనీ... నాకా కిటికీ వద్దండీ, చచ్చిపోతాను!"

"నేను దిద్దడమేమిటి?"

"కోటు పట్టుకుని చెప్పారు కదండీ... వెధవ అని కూడా అన్నారు."

హెల్దుర్ గారి మొహంలో రంగు పోయింది. ఆ కోటగోడ మొహం కదలడం నేను చూడటం అదే మొదలు.

"నేను లోపలికి రాలేదు" అన్నాడు మెల్లగా. "ఎప్పుడూ... ఎవరి పరీక్షకీ... రాలేదు. నాకూ గొంతే కూడు పెడుతోంది. పెద్దవీధి మీదుగా చుట్టి వచ్చేస్తాను. వెనక్కి చూడొద్దని అందుకే చెప్తాను."

"ఆయన కేకు సగం తిన్నాక నువ్వు సందులోంచి బయటికొచ్చావు" అన్నాను లేలోతో. కేకుల కొట్టు కిటికీలోంచి నేను చూశాను మరి.

లేలో కాల్యు వైపు తిరిగింది. "అయితే మీలో ఎవరో..."

"మేం ఆ మొగ దాటి లోపలికి రాలేదు" అన్నాడు కాల్యు. మీసం వణికింది. "నిన్నెవరం ముట్టుకోలేదు. మా అమ్మ లంగా మీద ఒట్టు."

సందులోంచి సన్నగా చలిగాలి వచ్చింది.

హెల్దుర్ గారు మఫ్లరు మీది కేకు పొడి దులుపుకున్నాడు. లేలోకి దగ్గరగా, బాగా దగ్గరగా వచ్చి, గుసగుసగా అడిగాడు.

"ఆవిడ... ఇంకేమైనా తప్పు పట్టిందా?"

"లేదండీ" అంది లేలో. "ఇప్పుడు సరిగ్గా ఉంది అంది."

ఆయన జేబులోంచి ఇత్తడి గైడు బిళ్ళ తీశాడు. లేలో కోటుకి గుచ్చాడు.

"ఆవిడకే లేని అభ్యంతరం నాకెందుకమ్మా. పాస్."