పసుపు చుక్క కింద మెట్లు

ఆ ఉదయం సన్యాసిరావు రోజూ టీ తాగే కొట్టు రెండడుగులు వెనక్కి జరిగి ఉంది. మునిసిపాలిటీవాళ్లు పటంలో వీధిని వెడల్పు చేస్తే, పొద్దుపొడిచేలోగా కట్టుచేతులనే యంత్రాలు వచ్చి గోడ జరిపేసి పోయాయి. కొట్టువాడికి అదేం వింత కాదు. "నిన్నటి చోటే నిలబడ్డారు, అది ఈదైపోనాది బాబూ, లోపలికి రండి" అని మాత్రం అన్నాడు.

ఆ కాలంలో ఇల్లు మార్చడానికి మేస్త్రి అక్కర్లేదు. జీవపటంలో గీత జరిపితే ఇంట్లో గోడ జరుగుతుంది. చిక్కల్లా పాత కట్టడాలతోనే. వాటి ప్లాన్లు ఎప్పుడో పెన్సిల్‌తో గీసి, స్కాన్ చేసి, పీడీఎఫ్‌లుగా దాచినవి. పీడీఎఫ్ గోడకు తగిలించిన ఫోటోలాంటిది. చూడొచ్చు గాని, అందులోని మనిషిని కాస్త పక్కకి జరగమనలేం. అందుకే రేఖోద్ధారిణి అనే యంత్రం వచ్చింది. అది ఆ బొమ్మలోంచి ఒక్కో గీతను పైకి తీసి, ఇది గోడ, ఇది గుమ్మం అని పోల్చుకుని, దాన్ని జీవపటంగా మారుస్తుంది. పటంలో ఉండి కట్టడంలో లేనిదేదైనా ఉంటే కట్టుచేతులు వెళ్లి పూర్తి చేస్తాయి.

యంత్రానికి అనుమానం వచ్చిన చోట మాత్రం ఒక మనిషి వేలు ఒత్తి తేల్చాలి. ఆ మనిషిని పటసాక్షి అంటారు. డెబ్బై ఏళ్ల సన్యాసిరావును ఇంటికి వచ్చి పిలిచి మరీ ఆ ఉద్యోగం ఇచ్చారు. చేత్తో ప్లాన్ గీసినవాళ్లు ఆ పట్నంలో ఆయన తప్ప మరొకరు మిగల్లేదు.

"ఇవాళ ఒక్కటే ఫైలు సార్. మాధవీ నివాస్" అంది పై అధికారి మృదుల. ఆమెకు ముప్పై ఏళ్లుండవు. ఆ పేరు వింటే పెద్దవాళ్లు ఎందుకు మాట మారుస్తారో ఆమెకు తెలియదు.

సన్యాసిరావుకు తెలుసు. ఆ మూడంతస్తుల మేడ ప్లాన్ గీసింది ఆయనే. కట్టిన ఆరేళ్లకు ఒక మధ్యాహ్నం కింద మెట్ల దగ్గర మంటలు లేచాయి. దిగడానికి మరో దారి లేక పైన పదకొండుమంది పోయారు. విచారణలో ఆయన్ని అడిగితే, "రెండో మెట్లు ప్లాన్‌లో ఎప్పుడూ లేవండి. చెప్పిన కొలతలకు గీశాను" అన్నాడు. కాగితమూ అదే చెప్పింది. ఆయన్ని వదిలేశారు. చెప్పగా చెప్పగా ఆ మాట ఆయనకే నిజమైపోయింది.

తెర మీద మాధవీ నివాస్ గోడలు ఒక్కొక్కటే లేచాయి. వెనకవైపు కొట్టు గది దగ్గరకు వచ్చేసరికి యంత్రం ఆగి అడిగింది.

"ఇక్కడ పసుపు రంగు చుక్క ఒకటి ఉంది. స్తంభమా? మరకా?"

అది స్తంభమూ కాదు, మరకా కాదు. ఆయనకు పని నేర్పిన అప్పలస్వామి మాస్టారు కొత్త కాగితం పరవగానే, "ముందు మెట్లు గియ్యరా. మనిషి దిగే తోవ గీసినాకే ఇల్లు" అనేవారు. మొట్టమొదట గీసినదాని మీద పసుపు చుక్క పెట్టించేవారు. ఆయన శిష్యులంతా అదే పద్ధతి. పెన్సిల్ గీత రబ్బరుకి లొంగుతుంది గాని పసుపు లొంగదు.

"చుక్క కింద చెరిపిన గీతల జాడ ఉంది. తీయమంటారా?" అని యంత్రం మళ్లీ అడిగింది.

వద్దు అందామనుకున్నాడు. నోటి వెంట "తియ్యి" అని వచ్చింది.

బూడిద రంగులో మెట్లు లేచాయి. అంతస్తుకు పద్దెనిమిది. పక్కన బాణం గుర్తు, దాని మీద ఆయన చేతిరాతే, 'దిగువకు' అని. ఆ రోజు మేడ యజమాని భుజం మీద చెయ్యేసి, "అవి తీసేస్తే ఒక కొట్టు గది కలిసొస్తుందయ్యా" అన్నాడు. సన్యాసిరావు తీసేశాడు. రబ్బరు పొడి నోటితో ఊది మరీ శుభ్రం చేశాడు. అదంతా ఇప్పుడు నిన్న జరిగినట్టు గుర్తొచ్చింది.

"మరకైతే మరక అని ఒత్తెయ్యండి సార్. భోజనాల వేళకి పంపించాలి" అంది మృదుల.

మరక అంటే ఆయన పేరు చల్లగా ఉంటుంది. ఆ మేడకు ఎప్పటిలా ఒక్క దారే ఉంటుంది.

"అందులో ఇప్పుడు ఎవరైనా ఉంటున్నారా అమ్మా?"

"పద్నాలుగు కుటుంబాలు సార్."

"మెట్లేనమ్మా. నేనే గీశాను. నేనే చెరిపాను. రెండూ రాసుకో" అని వేలు ఒత్తాడు. ఆమె రెండూ రాసుకుంది.

నాలుగో రోజు ఆయన మాధవీ నివాస్‌కు వెళ్లాడు. కొట్టు గది ఉన్నచోట తెల్లటి కొత్త మెట్లు నిలబడి ఉన్నాయి. వాటి మీద ఒక్క అడుగు గుర్తు కూడా లేదు. జనం పాత మెట్ల మీదే ఎక్కుతున్నారు, దిగుతున్నారు. కొత్త మెట్ల మొదట్లో నలుగురైదుగురు పెద్దవాళ్లు మాత్రం కూర్చుని పైకి చూస్తున్నారు, పైనుంచి ఎవరో దిగాల్సి ఉన్నట్టు. రేఖోద్ధారిణిని చేసినవాళ్లు బరువు లెక్క వేశారు, వాన లెక్క వేశారు. ఈ చూపు మాత్రం వాళ్లకు తట్టలేదు.

వాళ్లలో ఒకామె ఎరకమ్మ. ఆ మంటల్లో మొగుణ్నీ నాలుగేళ్ల కూతుర్నీ పోగొట్టుకుని, అదే మూడో అంతస్తులో ఉంటున్న మనిషి.

"అమ్మా, నా పేరు సన్యాసిరావు..."

"ఎరుగుదును. ఇచారణలో సూసేను. లేవన్నావు."

"ఉన్నాయమ్మా. నేనే చెరిపేశాను."

ఆమె తిట్టలేదు. కొత్త మెట్లకేసి చెయ్యి చూపించింది.

"పైన మా తలుపు తీసే ఉంది. గుమ్మం పక్కన బియ్యం మూట ఎట్టేను. పద్నాలుగు కేజీలు. మా కూతురు గుంట అంతే ఉండీది, అంగన్‌వాడీలో తూసిన కార్డు ఇంకా దాసుకున్నాను. మూట ఎట్టేను గాని, ఎత్తుకొని దిగడానికి నాకు కాళ్లు రాలేదు. నువ్వు దిగు బాబూ. నేను కిందుంటాను. ఆ దినమూ కిందే ఉన్నాను."

ఆయన పాత మెట్లెక్కి పైకి వెళ్లాడు. మూట భుజానికెత్తుకుని కొత్త మెట్లు దిగసాగాడు. కిందనుంచి ఎరకమ్మ ఒకటి నుంచి లెక్క పెట్టడం వినబడుతోంది, మెట్లు కాదు, క్షణాలు. రెండో అంతస్తు దాటేసరికి మూట భుజం మీద లేదు, రెండు చేతులతో గుండెకి హత్తుకుని ఉన్నాడు. ఎప్పుడు మార్చుకున్నాడో ఆయనకే తెలియదు. ఆఖరి మెట్టు దిగాడు.

"తొంబైరెండు" అంది ఎరకమ్మ. "ఆ దినం మా ఆయన కిటికీలోంచి గుంటని సూపించి నన్ను పిలిసేడు. నీళ్లబండి వస్తంది, వంద లెక్కెట్టు అన్నారెవరో. రెండుసార్లు లెక్కెట్టేను. అంతసేపూ కిటికీలో కనబడతానే ఉన్నారు."

క్షమించమని అడగడానికే వచ్చాడు. మూట ఆమెకేసి చాపాడు. ఆమె లేచి రెండు చేతులూ చాపి, అడుగున అరచెయ్యి ఆనించి మూటని అందుకుంది.

పక్కన కూర్చున్న ముసలాయన మెల్లగా గొంతు సవరించుకున్నాడు.

"మాదీ పైనే బాబూ. ఆ దినమే పోయిన మా అయ్యకి కుడికాలు లాగీది, మెల్లగా దిగీవోడు. ఆ నడకతో ఓపాలి దిగి సూపించు."

సన్యాసిరావు కుడికాలు ఈడుస్తూ మళ్లీ మెట్లెక్కాడు. కింద లెక్క మొదటినుంచి మొదలైంది.