ఇక్కడ వినాలా?

వంటింట్లో కుక్కర్ కూతలు వేస్తున్నా, పంపు కింద బకెట్ నిండి పొర్లుతున్నా, పక్కవాటాలో పిల్లలు కొట్టుకుని తల్లి చేత చీవాట్లు తింటున్నా ఆ అమ్మాయికి ఏమీ పట్టదు. చెవులకి హెడ్‌ఫోన్లు ఉంటాయి. తల దువ్వుకునేటప్పుడు మాత్రం వాటిని మెడ మీదికి జారుస్తుంది. జడ వేసుకోవడం అయిందో లేదో మళ్లీ పైకెక్కిస్తుంది. ఇంట్లో ఉండేదే ఇద్దరు మనుషులు. అందులో ఒకరు చెవులు మూసుకుంటే రెండో మనిషి ఎవరితో మాట్లాడాలి, గోడలతోనా?

ఆ రెండో మనిషి టైలరమ్మ. వీధి వీధంతా ఆవిడని అలాగే పిలుస్తుంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆ కుట్టు మిషను మీదే సంసారం ఈడ్చుకొచ్చింది. ప్యాంట్లు పొట్టి చేయడం, జిప్పులు మార్చడం, లావైనవాళ్లకి కుట్లు విప్పడం, చిక్కినవాళ్లకి కుట్లు బిగించడం ఆవిడ పని. వీధిలో ఎవరు ఒళ్లు చేశారో, ఎవరు నీరసించారో అందరికంటే ముందు ఆవిడకే తెలుస్తుంది. కన్నకూతురు సగమైపోయిన సంగతి కూడా డ్రెస్సు భుజాలు జారిపోతుంటే చూసి తెలుసుకోవాల్సిందే తప్ప, ఆ పిల్ల నోరు విప్పి చెప్పింది లేదు.

చిన్నప్పుడు ఒకచోట కాలు నిలవదని తండ్రి ఆ పిల్లకి బొంగరం అని పేరు పెట్టాడు. అసలు పేరు బడి రిజిస్టరులోనూ పెళ్లి కార్డులోనూ తప్ప ఎక్కడా వాడలేదు. ఆ పెళ్లి ఏడాది తిరక్కుండానే ముగిసింది. ఒక్క పెట్టె పట్టుకుని పుట్టింటికొచ్చి, కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసే పనిలో చేరింది. అప్పట్నుంచీ బొంగరం తిరగడం మానేసింది.

"టిఫిన్ పెట్టేశా" అంది టైలరమ్మ. ఉలుకూ పలుకూ లేదు. మొహం ముందు గరిటె ఊపితే ఒక చెవి తెరుచుకుంది.

"ఏంటమ్మా?"

"టిఫిన్ అన్నా."

"షాపులో తింటాలే."

"నిన్నా అలాగే అన్నావు. డబ్బా ఎలా పట్టుకెళ్లావో అలాగే తెచ్చావు."

"ఆకలేయలేదు." బొంగరం బ్యాగు జిప్పు లాగుతూ, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "షాపు వెనక సందులో ఆడవాళ్ల హాస్టల్ ఉందమ్మా. గది ఖాళీ అయిందట. సాయంత్రం చూసొస్తా."

ఇక్కడేం తక్కువైందే, నన్నొదిలేసి ఎక్కడికి పోతావు, ఇంకొక్క నెల చూడు... ఇలాంటివి చాలా టైలరమ్మ నాలుక దాకా వచ్చాయి. బయటికొచ్చింది మాత్రం, "నీ ఇష్టం."

తెరుచుకున్న ఆ ఒక్క చెవీ మూసుకుంది. మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది.

ఇక టైలరమ్మకి మిగిలింది ఆ పాత ఫోను. బొంగరం కొత్త ఫోను కొనుక్కున్నప్పుడు అద్దం చిట్లిన పాతదాన్ని తల్లి చేతిలో పెట్టింది. "దీంట్లో సిమ్ము ఉండదు, మాట్లాడ్డానికి పనికిరాదు. పాటలు పెట్టుకో" అని, ఒక వైరు హెడ్‌ఫోన్ కూడా తగిలించి ఇచ్చింది. పక్కవాటావాళ్లతో కలిసి పెట్టించుకున్న నెట్ ఇంట్లో ఎలాగూ ఉంది. మాట్లాడ్డానికి ఆవిడకి బటన్ల ఫోను వేరే ఉంది. మొదట్లో ఆ పాత ఫోను చాలారోజులు మిషను సొరుగులో గుండీల మధ్య పడుంది.

ఓ రోజు ఏమీ తోచక తీసి పాటల గుర్తు మీద నొక్కితే అద్దం మీద ఒక మాట వచ్చింది. 'ఈ పాట మరో ఫోన్‌లో వినిపిస్తోంది. ఇక్కడ వినాలా?'

మరో ఫోను ఎవరిది? కూతురిదే. అంటే ఇప్పుడు బస్సులో కిటికీ పక్కన కూర్చుని బొంగరం వింటున్న పాట ఇదన్నమాట. ఇక్కడ వినాలా అని మర్యాదగా అడుగుతున్నారు. వినకపోతే ఎలా? టైలరమ్మ 'అవును' నొక్కింది. పాట మధ్యలోంచి అందుకుంది. ఎవరో ఆడగొంతు, తొందరేమీ లేకుండా, తనకోసం తను పాడుకుంటున్నట్టు పాడుతోంది. ఆ పల్లవి ఆవిడకి కొత్త. అయినా పిల్ల పక్క సీట్లో కూర్చున్నట్టే అనిపించి కళ్లు చెమర్చాయి.

ఆ రోజు నుంచీ అదే ఆవిడ సంబరం. పొద్దున బస్సులోనూ, షాపు వెనక గదిలో అద్దాల మిషను రొదలోనూ పిల్ల ఏం వింటే తనూ అదే వింటుంది. మధ్యలో పాట ఆగిపోతే, పాపం ఎవరో పలకరించి ఉంటారు అనుకుని కాస్త ఆగి మళ్లీ నొక్కుతుంది. కింది వాటా నర్సు యూనిఫాం నడుము వదులు చేయించుకోవడానికొచ్చినప్పుడు ఉండబట్టలేక చెప్పేసింది కూడా.

"మా అమ్మాయీ నేనూ ఒకే పాట వింటాం. అది అక్కడా, నేనిక్కడా."

"అదృష్టవంతులు. మా ఇంట్లో టీవీ రిమోట్ దగ్గరే కురుక్షేత్రం" అంది నర్సు.

కూతురు ఇంట్లో ఉన్నంతసేపూ మాట లేకపోయినా, వెళ్లాక ఇలా కలుసుకుంటున్నాం కదా అని టైలరమ్మ తృప్తి. ఈ ముచ్చట కూతురి దగ్గర ఎప్పుడూ ఎత్తలేదు. ఎత్తితే ఇది కూడా తీసేసుకుంటుందేమోనని భయం.

హాస్టల్ మాట విన్న ఆ రోజు మాత్రం ఆవిడ చేతులు ఊరుకోలేదు. కింద ఉండే మాస్టారి ప్యాంటు అంచు మడిచి, కుట్టు వంకరపోతే విప్పి, మళ్లీ మడిచింది. పాట ఆగినప్పుడల్లా నొక్కింది. ఆగుతోంది, నొక్కుతోంది. పిల్ల వెళ్లిపోతుంది, ఉన్న ఈ నాలుగు రోజులైనా పక్కన కూర్చుంటాను అన్నట్టు నొక్కింది. మధ్యాహ్నం దాటాక ఇక ఆ మాటే రాలేదు. మరో ఫోన్‌లో ఏమీ వినిపించడం లేదు. హెడ్‌ఫోన్లు చెవులకుంచుకునే ఆవిడ ఖాళీగా కూర్చుంది.

సాయంత్రం వీధిలైట్లు వెలగకముందే బొంగరం వచ్చేసింది. చెప్పులు కూడా విప్పలేదు. తిన్నగా మిషను దగ్గరికొచ్చి, పాత ఫోను తీసి చూసి, తల్లి చెవులకున్న హెడ్‌ఫోన్లు చూసింది.

"నువ్వా?" అంది.

"ఏం నేనా?"

"నా పాటలు ఆపుతున్నది నువ్వా అమ్మా?"

"నేనెందుకు ఆపుతానే? నేనూ వింటున్నా. నువ్వేం పెట్టుకుంటే అదే. ఇద్దరం కలిసి..."

"కలిసి కాదమ్మా. రెండు ఫోన్లలోనూ పాటల ఖాతా ఒకటే, ఒకసారి ఒక్క ఫోన్‌లోనే వస్తుంది. నువ్విక్కడ నొక్కితే నాకక్కడ తెగిపోతుంది. మళ్లీ పెట్టుకుంటా, మళ్లీ తెగిపోతుంది. ఇన్నాళ్లుగా ఇదే వరస."

టైలరమ్మకి తల కొట్టేసినట్టయింది. తను పాటని అందుకున్న ప్రతిసారీ అక్కడ పిల్ల చెవుల్లో ఏముంది? పక్కన కూర్చున్నాననుకున్నప్పుడల్లా చేతిలోది లాక్కుందన్నమాట.

"చెప్పొచ్చుగా నాకు" అంది.

"నువ్వని తెలిస్తే కదా చెప్పడానికి. అతననుకున్నా."

"ఎవరు?"

"ఇంకెవరమ్మా? ఆ ఖాతా తెరిచిచ్చింది అతనే. పాస్‌వర్డ్ అతని దగ్గరే ఉంది. ఇంకా నా వెంట పడుతున్నాడనుకున్నా. బస్సులో పాట తెగితే వెనక సీట్లోకి తిరిగి చూసేదాన్ని, తెలుసా?" బొంగరం పాత ఫోను మిషను మీద పెట్టేసింది. "ఇవాళ ఓపిక పోయి అతనికి ఫోన్ చేశా. జన్మలో ఆ గొంతు వినకూడదనుకున్నా. నవ్వాడు. ఆ యాప్ ఎప్పుడో తీసేశాను, మీ ఇంట్లో చూసుకో అన్నాడు. ఇంకా నన్నే తలుచుకుంటున్నావా అన్నాడు. నీ వల్ల ఆ మాట పడ్డానమ్మా ఇవాళ."

టైలరమ్మ హెడ్‌ఫోన్లు తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇన్ని నెలల్లో ఒక్కసారి కూడా అడగని ప్రశ్న ఇప్పుడడిగింది.

"ఏం చేసేవాడే నిన్ను?"

బొంగరం గోడకానుకుని నేల మీద కూలబడింది.

"చెవుల్లోంచి పీకేసేవాడు. ఎప్పుడు పడితే అప్పుడు, వెనక నుంచి వచ్చి. ఏం వింటున్నావు, నన్నడిగావా, నేనింట్లో ఉండగా నీకు పాటలేంటి అని. తర్వాత్తర్వాత నేనే అడిగి వినేదాన్ని. ఆ తర్వాత వినడం మానేశా."

"కొట్టాడా?"

"లేదు. కొడితే నీకు చెప్పడం తేలికయ్యేది."

వంటింట్లో పంపు చుక్కలు చుక్కలుగా కారుతోంది. ఇద్దరికీ వినబడుతోంది.

"నాతో అనలేకపోయావా ఒక్క ముక్క?"

"ఎలా అననమ్మా? పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడితే, ఎన్నాళ్లుంటావన్నావు. లోపలికి రా అనే ముందే. ఆ రాత్రే అనుకున్నా, గది దొరికిన రోజున వెళ్లిపోవాలని."

టైలరమ్మకి ఆ సాయంత్రం కళ్లముందుకొచ్చింది. ఆ మాట అన్న సంగతే మర్చిపోయింది తను. అల్లుడు పని మీద ఊరెళ్లాడేమో, నాలుగు రోజులుండి పోతుందేమో అనుకుని అడిగానని సర్దిచెప్పుకోవచ్చు. కానీ పెట్టె బరువు చూడగానే తనకి అర్థమైంది. అర్థమయ్యే అడిగింది.

"భయమేసి అడిగానే" అంది. "వీధిలో ఏం చెప్పాలి, ఎవరికి ఏమని చెప్పాలి అని. నీ మొహం చూడాల్సిన టైములో వీధి మొహం చూశాను. తప్పే. అది కప్పిపుచ్చుకోలేను."

ఫోనుకున్న వైరు ఊడదీసి, వేళ్లకి చుట్టి, పాత ఫోను మీద పెట్టి కూతురి ముందుకు జరిపింది.

"ఇది తీసేసుకో. నాకు పాటల మీద మోజేం లేదు. ఆ పాడేవాళ్లెవరో కూడా నాకు తెలీదు. ఇంట్లో నువ్వుండీ లేనట్టుంటే, కనీసం నీ చెవిలో ఏముందో అదైనా నా చెవిలో..." ఆపైన మాట రాలేదు. కొంగు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

బొంగరం లేచి, అప్పుడు విప్పింది చెప్పులు. వంటింట్లోకెళ్లి పంపు బిగించి, పొద్దుటి టిఫిన్ వేడిచేసుకుని తెచ్చుకుని, మిషను పక్కనే కూర్చుని తింది. హాస్టల్ మాట ఎత్తాలని టైలరమ్మకి ఎంత ఉన్నా ఎత్తలేదు. ఇంకోసారి రోజులు లెక్కపెట్టే ప్రశ్న ఆ నోటితో అడగలేకపోయింది.

మర్నాడు పొద్దున బొంగరం టిఫిన్ డబ్బా సర్దుకుని వెళ్లింది. పాత ఫోను మాత్రం మిషను మీదే ఉంది, తీసుకెళ్లలేదు. మర్చిపోయిందో, వదిలేసిందో ఆవిడకి బోధపడలేదు. మాస్టారి ప్యాంటు ముందేసుకుని, దారం ఎక్కించి, మనసాగక ఒకసారి నొక్కి చూసింది.

'ఈ పాట మరో ఫోన్‌లో వినిపిస్తోంది. ఇక్కడ వినాలా?'

"వద్దు తల్లీ, నువ్వు విను" అని పైకే అనేసి, చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పిల్ల నిశ్చింతగా వింటోంది, అది చాలు అనుకుంది. చాలు అనుకుంటే చాలిపోతుందా? ఇల్లు బావురుమంటూనే ఉంది. కాసేపటికి ఆ మాట కూడా అద్దం మీంచి పోయింది. అక్కడ పాట ఆగింది. బస్సు ఇంకా షాపు దాకా పోయి ఉండదే, ఏమైంది అని ఆవిడ లేచి నిలబడేసరికి బటన్ల ఫోను మోగింది.

"అమ్మా, నేను ఆపేశా. ఇప్పుడు నువ్వు పెట్టు."

"నాకెందుకే? నువ్వు విను."

"నేనూ వింటా. పాట పెట్టి, ఆ హెడ్‌ఫోను ఈ ఫోను దగ్గర పెట్టు. మాట్లాడే వైపు పెట్టు, చెవి వైపు కాదు. సౌండు పూర్తిగా పెంచు."

టైలరమ్మ చేతిలో వైరు చిక్కుబడింది. ఎలాగో విప్పి, పాత ఫోనుకి తగిలించి, పాట నొక్కి, ఒక చెవిది తన చెవికే ఉంచుకుని రెండోది ఇంకో చెవి దగ్గరున్న బటన్ల ఫోను కింది అంచుకి అదిమి పట్టుకుంది. ఆ తొందర లేని ఆడగొంతు మొదలైంది.

"వినిపిస్తోందా?"

"సరిగా లేదమ్మా. గిన్నెలో దాక్కుని ఎవరో పాడుతున్నట్టుంది."

"తీసేయనా మరి?"

"వద్దు, ఉంచు. హాస్టల్లో గది వద్దని చెప్పేశా. ఇంక మాట్లాడకు, పాట విను."

టైలరమ్మ మాట్లాడలేదు. కన్నీళ్లు మాస్టారి ప్యాంటు మీద పడుతున్నా తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. పల్లవి మళ్లీ వచ్చింది, ఈసారి ఆవిడకి తెలిసిన పల్లవే. పాట వెనకాల బస్సు రొద, కండక్టరు అరుపు, ఎవరో చిల్లర అడగడం సన్నగా వినబడుతున్నాయి. చెయ్యి తిమ్మిరెక్కుతున్నా ఆవిడ కదల్లేదు. పాట సగం దాటాక గుర్తొచ్చి కంగారుగా అడిగింది.

"అవునే, నీ స్టాపు రాలేదా ఇంకా?"

"దాటిపోయిందమ్మా" అంది బొంగరం. "వెనక్కి నడుస్తాలే. నువ్వు ఫోను తీయకు."