బదులు దొరకని బంధం

అంగారక గ్రహం మీద, అరుణపట్నం వివాహ కార్యాలయంలో, భూమి నుంచి వచ్చినవాళ్ళకు ఒక కిటికీ ప్రత్యేకం. అక్కడ పుట్టినతేదీ పత్రం చూపాలి, తొంభై రోజులు ఇక్కడే ఉన్నట్టు రుజువు చూపాలి, నివాస అనుమతి గడువు దాటకుండా చూసుకోవాలి. ‘కుజుడి మీదే పెళ్ళాడుతున్నాం, ఇంకా కుజదోషం ఏమిటి’ అని వరసలో నిలబడ్డవాళ్ళు ఆడే పరాచికం ఆ కిటికీ అంత పాతది. అన్నీ కుదిరినా చివర్లో కొరకరాని కొయ్య ఒకటుంది. దాని పేరు అవరోధరాహిత్య పత్రం.

పూర్వం ‘ఫలానావారికి మరో పెళ్ళి లేదు’ అని ఎవరి దేశంవాళ్ళు వాళ్ళకు రాసిచ్చేవారు. కోట్ల మైళ్ళ అవతలి నుంచి వచ్చే కాగితాన్ని నమ్మేదెవరు? దొంగపత్రాలతో రెండేసి పెళ్ళిళ్ళు చేసుకున్న ఘనులు ఎక్కువయ్యాక బంధమాపకం వచ్చింది. అది తలకు తగిలించుకునే తేలికపాటి న్యూరల్ క్యాప్‌ల జత. పెళ్ళాడబోయే ఇద్దరూ చెరొకటీ పెట్టుకుని ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరి మెదడులోని వలపు బంధాలను అది అంకెల్లో కొలిచి, ఎదుటి మనిషి మెదడులో బదులు దొరికినదాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. బదులు దొరకనిది ఏదైనా మిగిలితే అదే అవరోధం. అయిదు దాకా చట్టం చూసీచూడనట్టు పోనిస్తుంది.

ఆ యంత్రాన్ని సరిచూసి, ప్రతి ఫలితం కిందా ముద్ర వేసే శాస్త్రవేత్త మేధిని. అరుణపట్నంలోనే పుట్టింది, వాన ఎరగదు. వానచప్పుడు నోటితో చేసి ఆమెకు వినిపించినవాడు వంశధర్. శ్రీకాకుళం నుంచి ఇక్కడి మంచుగనుల్లో పనికి వచ్చిన నీటి ఇంజనీరు. ఇప్పుడు ఆమెకు కాబోయే పెళ్ళికొడుకు.

“అవరోధం ఉంది. నలభై ఒకటి. పేరు చంపక,” అంది యంత్రం, అతని మొదటి పరీక్షలో.

“నా భార్యండి. పోయి ఆరేళ్ళయింది,” అన్నాడు వంశధర్.

“మరణం పరిగణనలోకి రాదు. బంధం ఉంది.”

అతని అనుమతికి పన్నెండు రోజులే గడువు. ఈలోగా పెళ్ళి కాకపోతే భూమికి వెళ్ళే నౌక ఎక్కించేస్తారు. ఎక్కినవాళ్ళను మళ్ళీ పదేళ్ళదాకా రానివ్వరు. దారి ఒక్కటే, సడలింపు చికిత్స. మెదడులో ఆ బంధపు పోగులను ఒక్కొక్కటే వదులు చేస్తారు. జ్ఞాపకాలు చెక్కుచెదరవు.

“నువ్వు కాబట్టి ఒప్పుకుంటన్నాను,” అన్నాడు వంశధర్. “చంపక ఏటీ అనుకోదులే. ఎంతవరకన్నది నీ ఇష్టం.” సమ్మతిపత్రంలో ఆ మాటే రాసి సంతకం పెట్టేశాడు.

చికిత్స చేసేది మేధిని పై అధికారి డాక్టర్ కెజియా. తెర మీద అంకె అయిదుకు దిగగానే ఆమె చేయి ఆపింది.

“ఇక చాలమ్మా. మిగతావి పడుగూ పేకా అయిపోయాయి. ఏ పోగు ఆవిడదో, ఏది నీదో నాకు తెలియడం లేదు.”

“సున్నా చేసేయండి మేడమ్. నా మనిషి కాబట్టి చూసీచూడనట్టు వదిలేశారని నలుగురూ అంటారు.”

అది పైకి చెప్పిన కారణం. చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు. ఆ చారెడు కళ్ళతో జన్మంతా పోటీ పడాలా అని మేధిని లోపల కుళ్ళుకుంది. ఆ అయిదూ మాత్రం చంపకకు ఎందుకు ఉండాలి? కెజియా ఇంకోసారి ఆమె మొహంలోకి చూసి, సున్నా చేసింది.

రెండు రోజుల తర్వాత ఇద్దరూ పరీక్షకు కూర్చున్నారు. “అవరోధం లేదు. సున్నా,” అంది యంత్రం. మేధినికి ప్రాణం లేచి వచ్చింది.

“ఎలా ఉంది నీకు?”

“బాగుందండి. తేలిగ్గా ఉంది.”

అతను తనను ‘అండి’ అనడం ఇదే మొదలు. “నేను గుర్తున్నానా?”

“అయ్యో, అంతా గుర్తుంది. చంపకా గుర్తుంది, మీరూ గుర్తున్నారు. ఇద్దరూ మంచోళ్ళే.” ఆ గొంతులో కల్మషం లేదు, ఇంకేమీ కూడా లేదు. ఆమె తెల్లబోవడం చూసి అతనే ధైర్యం చెప్పాడు. “మాటిచ్చీసాను కదండి, తప్పను. కాగితాలన్నీ వచ్చీసాయి, పెళ్ళి చేసీసుకుందాం.”

చంపకను ప్రేమించిన మనసుతోనే అతను తననూ ప్రేమించాడు. అతనికి ఉన్నది ఆ ఒక్క మనసే. ఈ సంగతి మేధినికి అప్పుడు అర్థమైంది.

ఇక మిగిలింది వధువు పరీక్ష. ఇక్కడి పౌరులకు అది వట్టి మొక్కుబడి. కెజియా యంత్రాన్ని ఈసారి మేధిని బంధాలు కొలిచేలా మార్చింది.

“అవరోధం ఉంది. తొంభై ఆరు.”

“ఎవరితో?” అంది కెజియా.

“పేరు వంశధర్. ఎదుటి వ్యక్తిలో బదులు దొరకలేదు.”

వంశధర్ ముందుకు వంగి, రోగిని ఓదార్చినట్టు అన్నాడు. “మీరూ చేయించీసుకోండి. నొప్పేటీ ఉండదు. రెండు రోజుల్లో తేలికైపోతాది.”

మేధిని కలం అందుకుంది. చికిత్సకు సమ్మతి అడిగే కాగితం మీద ‘నిరాకరిస్తున్నాను’ అన్నచోట సంతకం పెట్టింది. దరఖాస్తు తిరస్కరించి, కారణం గడిని యంత్రం తనంత తానే నింపింది: ‘వధువుకు ఇదివరకే మరొకరితో బంధం ఉంది.’

అందులో తప్పు ఏమీ లేదని సరిచూసుకుని, మేధిని కింద తన ముద్ర వేసింది.